సంచి ఉన్న మిషన్

కొడవలి పట్టే ముందు తాడు పరవడం వెంకటేశ్వరమ్మ అలవాటు. కోసిన గడ్డి పిడికిలి పిడికిలిగా దాని మీదే పడాలి. చివర్న రెండు కొసలూ లాగి, మోకాలు ఆనించి బిగించి ముడేస్తే మోపు తయారవుతుంది. అందుకే, గెస్ట్‌హౌస్ ముందు మైదానంలో రెండు కొత్త మిషన్లు గడ్డి కోసి చూపిస్తాయని తెలియగానే తన జట్టు ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వచ్చి, అంచు పొడుగునా తాళ్ళు పరిపించింది. కోసేది కొడవలైతేనేం, మిషనైతేనేం? గడ్డి గడ్డేగా అనుకుంది.

అది దాచేపల్లి పక్కన సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ. చుట్టూ ఏ ఊరు చూసినా పత్తీ, మిరపా. పత్తికట్టె పొయ్యిలోకి పనికొస్తుందిగానీ గేదె నోట్లోకి రాదు. మిరపచెట్టు వైపు గేదె మొహం కూడా తిప్పదు. వరిగడ్డి కావాలంటే పొన్నూరు నుంచి లారీ రావాలి. అట్లాంటి చోట, సున్నపురాయి తవ్విన గుంటల్లోంచి నీళ్ళు తోడి ఏడాది పొడుగునా పచ్చగా పెంచే లాన్‌ని చూసి కొత్తవాళ్ళు మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని వెక్కిరిస్తారు. వెంకటేశ్వరమ్మ ఎప్పుడూ వెక్కిరించలేదు. పేరుకి లాన్, అసలు గరిక. గరిక మేసిన గేదె పెరుగు తోడుకుంటే గిన్నె బోర్లించినా జారదు.

ఇక్కడి కూలి మిరపకోత కూలికన్నా తక్కువ. అదేమని అడిగితే కంట్రాక్టరు ఎప్పుడూ ఒకటే మాట, "గడ్డి పట్టుకపోతన్నారుగా!" నిజమే, పట్టుకుపోతున్నారు. ఆ మోపు కోసమే వాళ్ళందరూ నడుములు విరిగేలా గొంతుకూర్చుని ఇంత కాలనీ కోస్తున్నారు. ఒక చివర కోసి రెండో చివరికి వచ్చేసరికి మొదటి చివర మళ్ళీ చీలమండ దాటి ఎదిగి కూర్చుంటుంది.

ముందు పసుపు రంగు మిషన్ దిగింది. స్టీరింగ్ లేదు. కూర్చున్నవాడి ఒళ్ళోకి రెండు వైపుల నుంచీ రెండు కడ్డీలు వచ్చాయి. రెండూ ముందుకు తోస్తే ముందుకు పోతుంది. ఒకటి ముందుకు తోసి, ఇంకొకటి వెనక్కి లాగితే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. విజయవాడ నుంచి వచ్చిన కంపెనీ కుర్రాడు దాన్ని అట్లా గిర్రున తిప్పి చూపించేసరికి లాల్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లాల్‌బీది వెంకటేశ్వరమ్మ పక్కిల్లు. ఇద్దరూ ఒకే ఏడు ఈ పనిలో చేరారు.

మిషన్ మైదానం మధ్యనుంచి సాగిపోయింది. అది వెళ్ళిన దారి దువ్వినట్టు నున్నగా తేలింది. ఆడవాళ్ళు తాళ్ళు చేతబట్టుకుని దాని వెనకే నడిచారు. చివరిదాకా నడిచి, అక్కడ ఖాళీ చేతులతో నిలబడిపోయారు.

"గడ్డేదీ?" అంది వెంకటేశ్వరమ్మ.

ఎస్టేట్ ఆఫీసర్ జయదేవ్ నవ్వుతూ దగ్గరికొచ్చాడు. మర్యాదస్తుడు. కసురుకునే మనిషైతే కనీసం తిరిగి కసురుకోవచ్చు.

"అక్కడే ఉందమ్మా. ఈ మిషన్ గడ్డిని పొడి పొడి చేసి మళ్ళీ నేలలోకే వదిలేస్తుంది. అదే ఎరువవుతుంది. ఎత్తే పని లేదు, మోసే పని లేదు."

లాల్‌బీ వంగి నేల తడిమింది. వేళ్ళకు పచ్చటి పిండి అంటుకుంది. "గడ్డిని గడ్డే తింటదా సారూ? మరి మా గేదెలు ఏం తినాలా?" అంది. జయదేవ్ దాన్ని హాస్యమనుకుని ఇంకాస్త నవ్వాడు.

రెండోది నారింజ రంగుది. ఆ కడ్డీలే, ఆ తిరుగుడే. కాకపోతే వెనకాల పెద్ద సంచి ఉంది. కోసిన గడ్డి గొట్టంలోంచి ఎగిరి వచ్చి ఆ సంచిలో పడుతోంది. నిండగానే ఆగింది. కుర్రాడు తాడు లాగితే సంచి నోరు తెరుచుకుని గడ్డంతా కుప్పగా కుమ్మరించింది. ఆడవాళ్ళు ఆ కుప్ప మీద పడ్డారు. వెంకటేశ్వరమ్మ గుప్పెడు తీసి వాసన చూసింది. పచ్చి వాసన, పాలు కారే వాసన. ఆమెకు కడుపు నిండినట్టయింది.

కానీ నారింజది మాటిమాటికీ ఆగుతోంది. జయదేవ్ ఫోనులో టైము చూసుకుని పెదవి విరిచాడు. "పసుపుదే ఖాయం. ఎల్లుండి జీఎం గారు వచ్చి ఒకసారి చూసి సరేనంటే అయిపోతుంది. అప్పటిదాకా ఈ మిగతా గడ్డి ఎవరూ కోయకండి, ఆయన ముందు కోసి చూపించాలి" అన్నాడు. వెంటనే, మంచి మాట చెబుతున్నట్టు, "మీరేం భయపడొద్దమ్మా. ఎవ్వర్నీ పనిలోంచి తియ్యం. మొక్కలకి నీళ్ళు పెట్టుకోండి, ఆకులు ఊడ్చుకోండి" అని చేర్చాడు.

ఉద్యోగం పోతుందని వెంకటేశ్వరమ్మ భయపడలేదు. ఆకులు ఊడ్చుకుంటే కూలొస్తుంది. గేదెకి ఏం పెట్టాలి, ఆకుల చీపురా?



నారింజ మిషన్ గడ్డి తాడుకి ఆగలేదు. పొట్టి పొట్టి ముక్కలు, ముడేస్తుంటే జారిపోయాయి. లాల్‌బీ సిమెంటు సంచుల్లో కుక్కి తెచ్చింది. ఇంటికొచ్చి సంచి కుమ్మరిస్తే లోపల గడ్డి వేడెక్కి ఉంది, చెయ్యి పెడితే చుర్రుమంది. కళ్ళంలో మిరపకాయ నెరిపినట్టు వెంకటేశ్వరమ్మ దాన్ని నేల మీద పల్చగా నెరిపింది. ఆరాక నల్లదాని ముందు వేసింది. ఈనిన గేదె, కొత్తది ఏది పెట్టినా అనుమానమే. రెండుసార్లు ముక్కు ఊది, మూడోసారి నాలుకతో చుట్టి లాక్కుంది. ఇక తల ఎత్తలేదు.

సాయంత్రం కోటేష్ వచ్చాడు. కాలనీలో ట్రాక్టరు తోలతాడు, వెంకటేశ్వరమ్మకు అల్లుడి వరస. కొత్త మిషన్ తోలేది అతనేనట. ఆ సంబరమంతా ముఖంలోనే ఉంది.

"ఎడ్ల పగ్గాల మాదిరే అత్తా! ఎడమది లాగితే ఎడమకే తిరుగుద్ది. ఒక్క పూటలో చెయ్యి కుదిరింది."

"ఏది బాగుందిరా?"

"పసుపుదే. ఆగకుండా పోద్ది. సంచిది నస. నింపు, ఆపు, దులుపు."

"పాలు పిండేదీ అట్టనే గదా. కూర్చో, పిండు, లే. నస అనుకుంటే కాఫీ ఎట్టా తాగుతావురా?"

కోటేష్ తల గోక్కున్నాడు. అతనికి గేదె లేదు, బండి ఉంది. "నన్నడిగితే ఏం లాభం, జయదేవ్ సార్‌ని అడుగు" అన్నాడు.

అడగందే అమ్మైనా పెట్టదు. మర్నాడు వెంకటేశ్వరమ్మ ఉతికిన చీర కట్టుకుని జయదేవ్ ఆఫీసుకి వెళ్ళింది. అతను కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"సారూ, ఆ సంచి ఉన్న మిషన్ కొనండి. సంచి ఖాళీ చేసుకునేది మేమే. మీకు ఇబ్బందుండదు."

"చూడమ్మా, అది స్లో. పైగా గడ్డి ఎత్తాలి, తీసుకెళ్ళాలి, మళ్ళీ గేటు దగ్గర చెకింగు. ఆ వేస్టు కోసం ఇంత తతంగం ఎందుకు చెప్పు?"

"వేస్టా?"

"మరి? కోసి పారేసేదేగా. ఇన్నాళ్ళూ మీరు పట్టుకెళ్తుంటే కంపెనీ ఏమన్నా అందా? మంచితనంగా ఊరుకుంది. ఎప్పటికీ అలాగే సాగాలంటే ఎలా?"

వెంకటేశ్వరమ్మకి చెవులు వేడెక్కాయి. "మంచితనమా సారూ? గడ్డి ఇస్తన్నామని చెప్పే కదా కూలి కోసింది! ఇయ్యాల గడ్డి మంచితనమైందా? అయితే ఆ కోసిన కూలి మాకియ్యండి."

"అది కంట్రాక్టర్‌తో మాట్లాడుకోండి. కూలి సంగతి నా పరిధిలోది కాదు." కోపం లేకుండానే చెప్పాడు. చెప్పి, ఆమె వెళ్ళేదాకా మర్యాదగా లేచి నిలబడే ఉన్నాడు.

మెట్లు దిగుతూ ఆమె ఆ మాట పైకే అనుకుంది. వేస్టు. ఎండలో గొంతుకూర్చుని, గుప్పెడు గుప్పెడు ఏరి, చుట్టకుదురు మీద మోసుకుపోయిన ఇన్నేళ్ళ గడ్డీ వీళ్ళ లెక్కలో చెత్త. చెత్త ఎత్తుకుపోయే మనుషులం మేం. ఏడుపు రావాల్సిన చోట ఆమెకి పౌరుషం పొడుచుకొచ్చింది.



అట్నుంచి అటే ఆమె లాల్‌బీ చేనుకి పోయింది. ఆ పూట అక్కడ మిరపకోత. కూలికి కాదు, బదులుకి. మీ చేలో మేం ఒక పూట కోస్తే, మా చేలో మీరు ఒక పూట కోయాలి. అంతకుమించి మాటుండదు. ఆ ఊళ్ళో ఎవరు ఎవరికి బదులున్నారో రాసుకునే అలవాటు లేదు, మర్చిపోయే అలవాటు అంతకన్నా లేదు.

వెంకటేశ్వరమ్మకి ఈ ఏడు సొంత చేను లేదు, కౌలు వదిలేసింది. అయినా తీరికున్న పూటల్లా ఎవరు పిలిచినా వెళ్ళి కోసింది. ఆ బదుళ్ళన్నీ అట్లాగే ఉన్నాయి. ఎప్పుడన్నా అక్కరకొస్తాయిలే అనుకుంది. అక్కర ఇట్లా వస్తుందని అనుకోలేదు.

సాలులో వంగి రెండు చేతులా పండుకాయ తుంపుతూ, తలెత్తకుండానే గొంతు పెంచింది. "నాకు బదులున్నోళ్ళందరూ వినండే. రేపు తెల్లారుజామున నాకు కోత ఉంది."

"నీకు చేనెక్కడిదే?" అంది ఒకామె.

"ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ ముందరుంది."

సాలులో చేతులు ఆగాయి. ఆమె సంగతంతా చెప్పింది. మిషన్ గడ్డిని ఎట్లా పిండి చేసిందీ, జయదేవ్ ఏ మాటన్నదీ పూస గుచ్చినట్టు చెప్పింది. "రేపు జీఎం గారి ముందర ఆ పసుపుది గడ్డి కోసి చూపిస్తదంట. అక్కడ గడ్డి ఉంటేనే గదా కోసేది?"

సాలు చివరి నుంచి ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు సాలు సాలూ పాకి చేనంతా అంటుకుంది.

"నవ్వులాట కాదు. నా పని పోవచ్చు. మా జట్టందరిదీ పోవచ్చు. మీ మీదికి రానియ్యను, నేనే పిలిచానని చెబుతా."

"మా పాలు మాత్రం ఆ కాలనీకి పోవట్లా? మా గొడ్లు మాత్రం మీరు అమ్మిన మోపు తినట్లా?" అంది ఇందాక చేనెక్కడిదన్న ఆవిడే. "ఊరికే మాటలెందుకు, కొడవలి తేవాలా, నువ్విస్తావా?"

"మరి గేటులో ఇంతమందిని కొడవళ్ళతో రానిస్తారా అక్కా?" లాల్‌బీ అసలు చిక్కు పట్టుకుంది.

వెంకటేశ్వరమ్మ చేతిలోని కాయలు ఒళ్ళో వేసుకుంది. "పాలక్యానులో పెట్టుకో."



కాలనీకి పాలు పోసే ఆడవాళ్ళని తెల్లారుజామున గేటులో ఎవరూ అడ్డుకోరు. ఆ రోజు మాత్రం క్యాను తర్వాత క్యాను, మనిషి తర్వాత మనిషి వస్తూనే ఉంటే గేటు కాపలా హుస్సేన్ సాహెబ్ కుర్చీలోంచి లేచాడు.

"ఏంది వెంకటేశ్వరమ్మా, ఇయ్యాల కాలనీ మొత్తం పాయసం వండుకుంటన్నారా?"

ఎవరి క్యానులోనో ఇనుము ఖంగుమంది. హుస్సేన్ సాహెబ్ ఆ క్యాను వంక చూశాడు, లాల్‌బీ వంక చూశాడు. అతని ఇంట్లోనూ రెండు మేకలున్నాయి, వాటికి గరిక వచ్చేది లాల్‌బీ మోపులోంచే. "పాలు ఒలకబోసుకోకండమ్మా" అని, బీడీ ముట్టించుకోవడానికి గాలికి వెన్నుతిప్పాడు.

మైదానంలో మంచు పడి గడ్డి తడిగా ఉంది. తడిగడ్డి కొడవలికి మెత్తగా తెగుతుంది. వెంకటేశ్వరమ్మ అందరినీ ఒక వరసలో కూర్చోబెట్టింది. ఎడమ చేత్తో పట్టు, కుడి చేత్తో కొయ్యి, వెనక్కి వెయ్యి, ముందుకు జరుగు. ఎవరూ పాట ఎత్తలేదు, ఎవరూ అరవలేదు. చరచరమనే చప్పుడొక్కటే గెస్ట్‌హౌస్ దిక్కుగా కదిలింది. ఆమె మోకాళ్ళు నిప్పుల్లా మండాయి. ఇన్నేళ్ళూ కడుపు కోసం కోసింది, ఈ రోజు కోపం కోసం కోసింది. కోపానికి నడుము నొప్పి తెలియదని ఆమెకు అప్పుడే తెలిసింది.

తూర్పున వెలుగు పడేసరికి మైదానం గుండు కొట్టినట్టయింది. ఒక్క అంచున బారెడు వెడల్పు పట్టీ మిగిలింది. లాల్‌బీ దాని మీదికి కొడవలి సాచింది.

"అది వదిలెయ్యి."

"ఎందుకక్కా? ఇంత కోసి అదెందుకు?"

"ఉండనీయే."

వెంకటేశ్వరమ్మ తన క్యానులోంచి పాత చీర తీసి మడత విప్పకుండానే చంకలో పెట్టుకుంది. తాడు తేకుండా చీర ఎందుకు తెచ్చిందో లాల్‌బీకి అర్థం కాలేదు. బదులుకొచ్చిన వాళ్ళు మోపులెత్తుకుని, మిరపకోత ఆటోలు తప్పిపోకుండా వచ్చిన దారినే వెళ్ళిపోయారు. జట్టు మాత్రం అక్కడే కూర్చుంది.

ముందు జయదేవ్ వచ్చాడు. మైదానం చూశాడు. మర్యాద మొదటిసారి జారింది. "ఎవరు? ఎవరు చేశారీ పని?"

"నేనే సారూ" అంది వెంకటేశ్వరమ్మ. లేవలేదు.

అతను ఇంకేదో అనబోతుండగా జీఎం గురునాథం గారి కారు ఆగింది. తెల్లజుట్టు, చేతికర్ర లేకపోయినా చేతికర్ర ఉన్నట్టు నడిచే మనిషి. పసుపు మిషన్ మీద కుర్రాడు ఇంజను స్టార్ట్ చేసి, కోయడానికి ఏమీ లేక, ఆపలేక, దిక్కులు చూస్తున్నాడు. గురునాథం గారు చెప్పులు విడిచి నేల మీద పాదం రాశారు. కాసేపు అటూ ఇటూ నడిచారు. అప్పుడు నవ్వారు.

"మిషన్ కన్నా నున్నగా కోశారయ్యా! జయదేవ్, ఇంత లక్షణంగా చేసే చేతులు మనకుండగా మిషనెందుకు మధ్యలో? ఆ కొనుగోలు ఆపెయ్. ఎప్పటిలాగే మన ఆడవాళ్ళే కోస్తారు. గడ్డీ వాళ్ళే పట్టుకెళ్తారు."

జట్టులో ఊపిరి వదిలిన చప్పుడైంది. లాల్‌బీ సంతోషం పట్టలేక వెంకటేశ్వరమ్మ తొడ గిల్లింది. గెలిచాం అని ఆ గిల్లుడికి అర్థం.

వెంకటేశ్వరమ్మ ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి నడుము మీద పెట్టి మెల్లగా లేచింది. లేవడానికే ఆమెకు అంతసేపు పట్టింది. అది అందరూ చూశారు.

"వద్దు సార్. మిషన్ కొనండి."

లాల్‌బీ గిల్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గురునాథం గారు విన్నది సరిగ్గా విన్నానా అన్నట్టు చూశారు.

"చేతులు లక్షణమైనవేగానీ నడుములు మనుషులవి సార్. ఇయ్యాల ఊరంతా వచ్చి కోసింది, కోపంతో కోసింది. రేపట్నించీ మేం కొందరమే. లాల్‌బీ రాత్రిళ్ళు బోర్లా పడుకోలేదు, వెల్లకిలా పడుకోలేదు. మిషన్ మాకు చేదా? మీకన్నా మాకే ఎక్కువ కావాలి. కానీ సంచి ఉన్నది కావాలి."

"సార్, అది స్లో, మాటిమాటికీ ఆపి దులపాలి" జయదేవ్ అందుకున్నాడు.

"దులిపేది మేము. మోసేది మేము. ఆగినంతసేపు కోటేష్ బీడీ కాల్చుకుంటాడు, వాడికేం నష్టం?" ఆమె జయదేవ్‌ని చూడకుండానే చెప్పింది. "ఈ సారు దాన్ని వేస్టన్నాడు. ఆ వేస్టే సార్ మా నల్లది తిని పాలిచ్చేది. అవే పొద్దున్నే మీ ఇంట్లో దుర్గాంబ గారు గిన్నెలో పోయించుకునేది. మీరు తాగొచ్చిన కాఫీ అదే. గడ్డి పిండి చేసి నేల్లో కలిపితే నేల పాలిస్తదా?"

మామూలుగానైతే జీఎం గారి భార్య పేరు ఎత్తినందుకే ఎవరో ఒకరు కసిరేవాళ్ళు. ఎవరూ కసరలేదు. గురునాథం గారు నవ్వడం మానేశారు.

"పని ఆలస్యం కాదని మాటిస్తావా?"

"గడ్డి మాదని మీరు మాటివ్వండి, మంచితనమని కాదు. మాదని."

ఆయన జయదేవ్ వైపు చూశారు, ముక్కుమీద వేలేసుకున్న కంపెనీ కుర్రాడి వైపు చూశారు. అందరి ముందరా అనాల్సి రావడం ఆయనకి రుచించలేదని తెలుస్తూనే ఉంది. అయినా అన్నారు. "సరే. గడ్డి మీదే." ఆ వెంటనే, మాట తనదిగా చేసుకోవడానికో ఏమో, "కానీ చూడకుండా ఎలా కొనేది? కోసి చూపించడానికి ఒక్క పరక మిగల్చలేదు కదమ్మా మీరు!" అన్నారు.

"మిగిల్చాం సార్" అని వెంకటేశ్వరమ్మ అంచు వైపు చూపించింది. "అది దీనికోసమే."

లాల్‌బీ అప్పటికి ఆ పట్టీ వంక, చంకలోని చీర వంక, వెంకటేశ్వరమ్మ వంక మార్చి మార్చి చూసి, "ఓసినీ!" అంది.

కోటేష్ నారింజ మిషన్ ఎక్కాడు. రెండు కడ్డీలూ పట్టి ఉన్నచోటే తిప్పి, పట్టీ మొదట్లో నిలబెట్టి వదిలాడు. అది గడ్డిని తింటూ అంచు వెంట సాగింది. చివరి కొసన వెంకటేశ్వరమ్మ పాత చీర విప్పి, గాలికి ఎగరకుండా నాలుగు మూలలా నాలుగు పాలక్యాన్లు పెట్టింది. కోటేష్ ఆ చీర దగ్గరికి వచ్చి ఆపి, వెనక్కి తిరిగి చూశాడు.

"లాగరా" అంది.

సంచి నోరు తెరుచుకుంది. సగమే నిండింది. ఆ సగం గడ్డీ ఆమె చీర మీద పడింది.